మూడో ట్యాంకు లెక్క

ఆఫీసులో ఆమెను అందరూ దశాంశం అనేవారు. మొదట్లో వెక్కిరింతకి పెట్టిన పేరే. ఎవరు ఏ లెక్క తెచ్చి చూపించినా "చుక్క తరవాత ఏమైంది?" అని అడిగేది గనక అలా పిలవడం మొదలుపెట్టారు. పోనుపోను ఆమెకే అలవాటైపోయి, ఫోనెత్తితే "దశాంశాన్ని మాట్లాడుతున్నా" అనేదాకా వచ్చింది.

ఆమె పని చేసేది వంటగ్యాసు నిల్వ చేసే టెర్మినల్లో. ఓడల్లో వచ్చిన గ్యాసు గొట్టాల వెంట వచ్చి మూడు పెద్ద గుండ్రటి ట్యాంకుల్లో చేరుతుంది. అక్కణ్ణించి లారీలకెక్కుతుంది. ట్యాంకులో ఎంత సరుకుందో బిందెలోకి తొంగిచూసినట్టు చూసి చెప్పడానికి వీల్లేదు. ఒత్తిడి మీద కింద నీళ్ళలాంటి ద్రవం ఉంటుంది, దాని పైన ఆవిరి ఉంటుంది. ద్రవం మట్టం, వేడి, ఒత్తిడి, సాంద్రత కొలిచి, వాటితో లెక్క కడితే తప్ప బరువు తేలదు. ఆ లెక్కంతా ఎప్పటిదో ఒక పాత ప్రోగ్రాం చేసేది. రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. అది నడిచే కంప్యూటరుకి విడిభాగాలు దొరకడం ఆగిపోయి చాలాకాలమైంది. అది పూర్తిగా మూలపడే లోపల దాని లెక్కలన్నీ కొత్త ప్రోగ్రాంలోకి మార్చమని దశాంశానికి అప్పగించారు.

షరతు ఒక్కటే. కొన్నాళ్ళు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడపాలి, రెండూ ఒకే అంకె చెప్పాలి. అప్పుడామె సంతకం పెడితే పాతదానికి సెలవు.

మొదటి ట్యాంకు కలిసింది. రెండోదీ కలిసింది, చుక్క తరవాత ఆఖరి అంకెతో సహా. మూడోది మాత్రం ఎంతకీ కలవలేదు. పాతది చెప్పేదానికంటే కొత్తది ఎప్పుడూ ఎక్కువే చెబుతోంది. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ తేడా పెరుగుతోంది.

తప్పు తనదేననుకుంది ముందు. తను రాసిందంతా మళ్ళీ మొదటినించి సరిచూసుకుంది. తప్పు దొరక్క, పాత ప్రోగ్రాం అచ్చు తీయించి, కాగితాలు బల్ల నిండా పరుచుకుని ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టింది. చదవగా చదవగా ఒకచోట ఆగిపోయింది. మూడో ట్యాంకు ఆవిరి బరువు సున్నా అని రాసుంది. పక్కనే ఆ రాసినాయన మాట: "తాత్కాలికం. ట్యాంకు పూర్తి కొలతలు రాగానే తీసెయ్యాలి."

కొలతలు వచ్చాయి. అదే ప్రోగ్రాంలో ఇంకోచోట వాడుతున్నారు కూడా. ఆ సున్నాని మాత్రం ఎవరూ తియ్యలేదు.

ఆవిరే కదా, అదెంత బరువుంటుంది అనుకోకూడదు. ట్యాంకులోంచి ద్రవం లారీలకెళ్ళిపోతే, ఆ చోటు వట్టిగా ఉండిపోదు. మిగిలిన ద్రవంలో కొంత ఆవిరై పైకి లేచి దాన్ని నింపుతుంది. ట్యాంకులో వంద గిన్నెల మట్టం తగ్గిందంటే, అందులో మూడు గిన్నెలకి దగ్గర సరుకు ఆవిరై లోపలే ఉండిపోతుంది. లారీలకెక్కేది తొంభై ఏడు. ఆవిరిని సున్నా అనుకున్న ప్రోగ్రాంకి ఇది కనపడదు. వంద పోయాయి, తొంభై ఏడే చేరాయి, మూడు మాయమయ్యాయి అంటుంది. ఓడ వచ్చి ట్యాంకు నింపేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. ఓడ ఇచ్చింది తొంభై ఏడైతే, వంద చేరాయని చెబుతుంది.

దశాంశం పాత రికార్డులు తిరగేసింది. ఆ ట్యాంకు కట్టిన నాటినించీ అదే వరస. నింపిన ప్రతిసారీ లాభం, తోడిన ప్రతిసారీ నష్టం.

కాగితాలు పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన కుర్చీ వెనక అద్దాల బీరువాలో ఆయన ఓడల అధికారిగా ఉన్నప్పుడు గెలుచుకున్న షీల్డులు వరసగా ఉన్నాయి. ఆమె చెప్పిందంతా తలూపుతూ విన్నాడు.

"చాలా కష్టపడ్డావమ్మా. అయితే ఆ సున్నా కొత్తదాంట్లో కూడా పెట్టెయ్యి."

ఆమెకి సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. "ఏది సార్?"

"ఆ సున్నానే. రెండూ కలవాలి కదా షరతు ప్రకారం. మైగ్రేషన్ అంటే ఇల్లు మారడం లాంటిది. సామాను ఇక్కణ్ణించి తీసి అక్కడ పెడతాం. బాగుచేస్తూ కూర్చోం."

"పెట్టెలో పాముందని తెలిశాక కూడా ఆ పెట్టెని కొత్తింట్లో దించుకుంటామా సార్?"

"పామూ లేదు, పాడూ లేదు. లాభం, నష్టం ఏడాది చివర ఒకదానికొకటి సరిపోతున్నాయిగా. ఎవరికి ఇబ్బంది?"

ఎవరికి ఇబ్బందో ఆమెకి అప్పటికింకా తట్టలేదు. తప్పని తెలిసి తప్పు రాయమంటున్నాడే అన్న మంట మాత్రం రేగింది. "నేను సంతకం పెట్టను సార్" అని కాగితాలు తీసుకుని వచ్చేసింది.

ఇబ్బంది ఎవరికో ఆ ఆదివారం ఇంట్లో తెలిసింది.

ఆమె మావగారు ఇదే కంపెనీలో విచారణాధికారిగా చేసి రిటైరైన మనిషి. ఎవరి దగ్గరా కప్పు టీ కూడా తాగనంత నిక్కచ్చి. ఇంటికి చుట్టమంటూ వస్తే ఆయన ఒక కథ చెప్పకుండా వదలడు. ఆ రోజు అత్తగారి తమ్ముడు భోజనానికొచ్చాడు. కథ మొదలైంది.

"అప్పుడు మూడో ట్యాంకు దగ్గర లోడింగు ఆపరేటరు ఒకడుండేవాడు. అక్కడ లారీలు నింపేది వాడొక్కడే. వాడు డ్యూటీ ఎక్కిన రోజల్లా సరుకు తక్కువ. మూడు నెలలు విచారించాను. చివరిరోజు అందరి ముందూ నిలబెట్టి అడిగాను, తియ్యకపోతే సరుకెక్కడికి పోయిందిరా అని. తెలీదంటాడు. ఎన్నిసార్లడిగినా అదే మాట, తెలీదు, తెలీదని. ఆఖరికి నేనన్నాను, ఏమయ్యా, ఆవిరైపోయిందా అని. గదిలో అందరూ ఒకటే నవ్వు."

అత్తగారి తమ్ముడు కూడా నవ్వాడు. దశాంశం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఈ కథ పెళ్ళైన నాటినించీ వింటూనే ఉంది, ఎన్నిసార్లు విందో లెక్కలేదు. అందులో ట్యాంకు మూడోదన్న సంగతి ఒక్కసారీ చెవికెక్కలేదు.

"ఆవిరే అయింది మావయ్యగారూ" అంది.

"ఏంటమ్మాయ్?"

"సరుకు ఆవిరే అయింది. ట్యాంకులోనే ఉంది. ఆయన దొంగతనం చెయ్యలేదు."

అప్పటికప్పుడు ఆమె అంతా చెప్పింది. కోపంలో చెప్పింది గనక కాస్త గట్టిగానే చెప్పింది. మావగారు సగంలోనే కంచం ముందునించి లేచారు. "నేను ముప్ఫై ఏళ్ళు చేసిన ఉద్యోగం. నా ఇంట్లో, నా కంచం ముందు, చుట్టాలెదురుగా నన్ను తప్పంటావా? కంప్యూటరిచ్చిన అంకె అది. నా సొంతం కాదు" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

తరవాత నాలుగైదు రోజులు ఆ ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగా నడిచాయి. "పేపరు చదవడం అయిపోతే ఇటిమ్మను ఆ అమ్మాయిని" అని ఆయన అనేవారు, ఆ అమ్మాయి ఎదురుగానే ఉండగా. "మావయ్యగారికి చెప్పండత్తయ్యా, పేపరు ఆయన ఒళ్ళోనే ఉందని" అని ఈమె అనేది. అత్తగారు విసిగిపోయి, "నేనేమైనా పోస్టాఫీసునా? మీరూ మీరూ చూసుకోండి" అని వంటింట్లోకి వెళ్ళి రేడియో పెట్టుకుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న భర్త ఫోన్లో, "నాన్నగారితో ఎందుకే గొడవ, వయసైపోయిన మనిషి" అన్నాడు. "ఆ ఆపరేటరుకి మాత్రం వయసు రాదా?" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఒకరోజు సాయంత్రం ఆమె ఆఫీసునించి వచ్చి చెప్పులు విప్పుతుంటే మావగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్. తోడినప్పుడు తక్కువ కనపడితే, నింపినప్పుడు ఎక్కువ కనపడాలి కదా?"

"కనపడింది మావయ్యగారూ. వచ్చిన ప్రతి ఓడకీ కనపడింది."

"నాకెవరూ చెప్పలేదు."

"మీరడిగారా?"

ఆయన గోడకానుకున్నారు. "నాకు లోడింగు కాగితాలే ఇచ్చారు. ఓడల కాగితాలు వేరే విభాగం అన్నారు" అని, మళ్ళీ, "అప్పుడు ఓడల అధికారి ఎవరు?" అని అడిగారు.

"ఇప్పటి మా మేనేజరే. ఆ ఎక్కువ చూపించే షీల్డులు తెచ్చుకున్నాడు."

మావగారి మొహం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ కోడలి మీద పెట్టుకున్న కోపమంతా ఆ ఒక్కమాటతో అటు మళ్ళింది. "అంటే, ఎక్కువొస్తే వాడి తెలివి. తక్కువొస్తే వీడి దొంగతనం. ఒకే ట్యాంకుకి. దానికి నా చేత సంతకం పెట్టించారు" అన్నారు. అత్తగారు రేడియో ఆపి బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కోడలితోపాటు టెర్మినల్‌కి బయల్దేరారు. గేటు దగ్గర కాపలావాడు పాసు లేదని ఆపాడు. రిటైరైన అధికారినని చెప్పినా వినలేదు. చివరికి మేనేజరే కిందికి దిగి వచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, టీ తెప్పించాడు. మావగారు కప్పు ముట్టలేదు.

"నా చేత ఒక మనిషిని దొంగని చేయించారు. కేసు మళ్ళీ తెరవండి."

"పాత సంగతులు ఎందుకు సార్ ఇప్పుడు" అన్నాడు మేనేజరు నవ్వుతూ. "తెరిస్తే ముందు బయటికొచ్చేది మీ పేరే. సంతకం మీది. పెద్దవాళ్ళు, పరువుగా రిటైరయ్యారు, హాయిగా ఇంట్లో ఉండక."

"రానివ్వండి నా పేరు."

"మీ కోడలు ఇక్కడ ఇంకా ఉద్యోగం చేసుకోవాలి కదా సార్."

ఆ మాట దశాంశం పక్కనే నిలబడి వింది. వారం తిరక్కుండా ఆమెని లెక్కల విభాగం నించి తీసి స్టోర్సులో కూర్చోబెట్టారు, చేతి తొడుగులూ బూట్లూ పంచే చోట. ఆమె బల్ల దగ్గరికి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆ సున్నాని కొత్త ప్రోగ్రాంలో పెట్టేశాడు. పాపం అతనూ ఒకసారి స్టోర్సుకొచ్చి, "చెయ్యమన్నది చేశానండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు. మూడు ట్యాంకులూ కలిశాయి. మైగ్రేషన్ పూర్తయిందని మిఠాయిలు పంచారు. మరిచిపోయి మిగిలిన తప్పు ఒకటి. చూసి, తెలుసుకుని, మళ్ళీ చేత్తో రాసిన తప్పు ఒకటి. మొదటిదాన్ని ఆమె క్షమించగలిగేది. రెండోదాన్ని క్షమించలేకపోయింది.

ఫిర్యాదు చెయ్యాలంటే నష్టపోయిన మనిషి సంతకం కావాలి. ఇద్దరూ ఆ ఆపరేటరుని వెతుక్కుంటూ వెళ్ళారు. పెద్ద వెతకక్కర్లేకపోయింది. బస్టాండు దగ్గర "మూడో ట్యాంకు ఎక్కడ?" అని అడిగితే చాలు, అందరూ చూపించారు. ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. ఒక మేడ మెట్ల కింద ఇరుకు దుకాణంలో తాళాలు బాగుచేస్తూ, మారు తాళంచెవులు చేసిస్తూ కూర్చున్నాడు. మావగారిని చూడగానే చేతిలో ఆకురాయి కిందపెట్టాడు. కూర్చోమనలేదు.

దశాంశం విషయం చెప్పింది. ఈసారి నెమ్మదిగా చెప్పింది. అంతా విన్నాక ఆయన, "అయితే సరుకు ట్యాంకులోనే ఉందా అమ్మా?" అన్నాడు.

"అందులోనే ఉందండీ. ఎక్కడికీ పోలేదు."

"మా ఆవిడ ఒకసారి అడిగింది. నిజం చెప్పు, తీశావా అని. ఒక్కసారే అడిగింది. మా అబ్బాయిని బళ్ళో మూడో ట్యాంకు కొడుకా అని పిలిచేవాళ్ళు. బడి మారిస్తే అక్కడికీ వెళ్ళింది ఆ పేరు." ఆయన గొంతు పెంచలేదు. "అదంతా ఒక ఎత్తు. నాకే అనుమానం వచ్చేదమ్మా. ఏ వాల్వో సరిగ్గా కట్టలేదేమో, నా చేతిలోంచే పోయిందేమోనని. నిద్రలో కూడా వాల్వులు బిగించేవాణ్ణి. పదిహేనేళ్ళు నన్ను నేనే నమ్ముకోలేదు."

మావగారు ఏదో అనబోయారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు మాట్లాడకండి సార్. ఆ రోజు మీరు మాట్లాడారు, నేను విన్నాను. చాలు." అని దశాంశం వైపు తిరిగి, "సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాడు.

ఫిర్యాదు తూనికలు కొలతల శాఖకి వెళ్ళింది. ఒక తనిఖీ అధికారిణి వచ్చి మూడో ట్యాంకు ముందర కుర్చీ వేయించుకుని కూర్చుని, తోడించి, తూయించి, తన లెక్క తను కట్టుకుంది. దశాంశం చెప్పిందే తేలింది. తప్పు దిద్దేదాకా ఆ ట్యాంకు వాడకూడదని తాళం వేయించి వెళ్ళింది. ఒక మనిషి పరువు పోయిందంటే కదలని హెడ్డాఫీసు, లారీలు రోడ్డు మీద బారులు తీరేసరికి ఉరుకులు పరుగుల మీద కదిలింది. సున్నా పోయింది. దశాంశం మళ్ళీ తన బల్ల దగ్గరికొచ్చింది. ఆపరేటరుకి ఉత్తర్వు వచ్చింది: "సాంకేతిక కారణాల దృష్ట్యా గతంలో జారీ చేసిన తొలగింపు ఉత్తర్వును ఉపసంహరించుకోవడమైనది."

ఆయన అది చదివి వెనక్కి పంపేశాడు. దశాంశం ఆయన ఇంటికెళ్ళి అడిగితే అన్నాడు: "ఇందులో నేను తియ్యలేదని ఎక్కడుందమ్మా? సాంకేతిక కారణాలంటే ఏంటి, నేను సాంకేతికంగా దొంగని కాదనా? ఆ రోజు గేటు దగ్గర షిఫ్టు మొత్తాన్నీ నిలబెట్టి, పేరు పెట్టి చదివి పంపించారు. ఇదీ అలాగే చదవాలి. అక్కడే. ఆ రోజు చదివినాయనే చదవాలి."

హెడ్డాఫీసు ససేమిరా అంది. ఆ రోజు చదివింది మావగారే. ఇప్పుడు పట్టుబట్టిందీ ఆయనే. ఫోన్లు చేశారు, మెట్లెక్కారు, తనకి ఏళ్ళనాడు పరిచయమున్న అధికారుల గదుల ముందు బెంచీల మీద కూర్చున్నారు. పత్రికలవాళ్ళ దగ్గరికి వెళ్తానని బెదిరించారు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి కనపడ్డవాళ్ళందరినీ అడిగారు. చివరికి ఒప్పుకున్నారు, పొద్దుటి షిఫ్టు మారే వేళకి.

ఆ రోజు మేనేజరు సెలవు పెట్టాడు. గేటు లోపల జనం గుంపుగా నిలబడ్డారు. కొత్తవాళ్ళకి సంగతేమిటో తెలీదు, పాతవాళ్ళు తలలు వంచుకున్నారు. ఆపరేటరు భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని వచ్చాడు. మావగారు ఉత్తర్వు పైకి చదివారు. ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, రెండుసార్లు చదివారు. చదవడం అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇది కంపెనీ మాట. నా మాట ఇందులో లేదు. ఈయన దొంగ కాదు. సరుకెక్కడికి పోయిందని ఈయన్ని అడిగాను. అంకె ఎక్కణ్ణించి వచ్చిందని నన్ను నేను అడగలేదు. అది అడగడమే నా ఉద్యోగం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మావగారు ముందుకెళ్ళి చెయ్యి చాచారు. ఆపరేటరు ఆ చేతిని చూశాడు. "దుకాణం తియ్యాలి సార్, వేళైంది" అన్నాడు. భార్యతో కొడుకుతో గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆయన భార్య మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి దశాంశం వైపు తలూపింది. తిరిగి ఉద్యోగంలోకి రమ్మన్న కబురుకి ఆయన జవాబు కూడా ఇవ్వలేదని తరవాత తెలిసింది.

ఇంటికొచ్చాక, "చెయ్యివ్వలేదు చూశావా" అన్నారు మావగారు. "ఎందుకిస్తాడండీ" అంది అత్తగారు. ఆయన తలూపారు. "అవును, ఎందుకిస్తాడు."

ఇక్కడితో అయిపోయుంటే దశాంశానికి కాస్త మనసు కుదుటపడేదేమో. పది రోజులకి నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటించారు. పాత ప్రోగ్రాంలో ఎన్నో ఏళ్ళుగా దాగి ఉన్న లోపాన్ని మైగ్రేషన్ సందర్భంగా అప్రమత్తతతో కనిపెట్టి సరిదిద్దినందుకు టెర్మినల్ మేనేజరుగారిని యాజమాన్యం అభినందిస్తోందట. ఆయన్ని ప్రధాన కార్యాలయానికి పదోన్నతి మీద పిలుస్తున్నారట. ఆపరేటరు మాట లేదు. ఆమె మాట లేకపోయినా ఆమె పట్టించుకోలేదు. ఆపరేటరు మాట లేనందుకే ఒళ్ళు మండిపోయింది. జనం చూస్తుండగానే ఆ కాగితాన్ని బోర్డు మీంచి పీకి, నలగకుండా మడిచి, సంచిలో వేసుకుంది. కాపలావాడు చూసీ చూడనట్టు పక్కకి తిరిగాడు.

ఇంటికి తెచ్చి మావగారి ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటినించి చివరిదాకా చదివారు. అత్తగారు భోజనానికి పిలిస్తే వినిపించుకోలేదు.

"అప్రమత్తతట" అన్నారు.

"అవును మావయ్యగారూ."

"కింద ఎవరి సంతకం ఇది?"

"జనరల్ మేనేజరుది."

"ఆయన ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?"

"పదింటికి."

"నీకు రేపు సెలవు దొరుకుతుందా?"

"దొరక్కపోయినా పెడతాను."

"పెట్టు" అన్నారు ఆయన. లేచి వెళ్ళి బీరువాలోంచి ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీ మీద వేసుకున్నారు. అప్పుడు వచ్చి కంచం ముందు కూర్చున్నారు.